తీరిక మాటలు: అటకెక్కిన సీసా

పోయిన నెల ఈ పుటలో పాత బియ్యం గురించి రాస్తామని మాట ఇచ్చి ఉన్నాము. మాట తప్పుతున్నందుకు పాఠకులు మన్నించాలి. పాత బియ్యానికి కాగితం, కలం సిద్ధం చేసుకునేసరికి స్పెయిన్ దేశం నుంచి పాత ద్రాక్షసారా సీసా ఒకటి మా ఇంటికి వచ్చిపడింది. కవరైపేట్టైలో మా ఇంటి గడప అటువంటి వస్తువు దాటి రావడం ఇదే మొదటిసారి. వారం రోజులు ఇంటిల్లిపాదికీ మరో మాట లేకపోయింది.

జరిగినది ఇది. మా మేనల్లుడు ఉద్యోగం మీద స్పెయిన్ వెళ్ళి ఏడాదిన్నర కావస్తున్నది. అక్కడినుంచి చెన్నై వస్తున్న స్నేహితుని చేతికి ఒక అట్టపెట్టె ఇచ్చి పంపాడు. మేము ఆఫీసు వదలగానే సెంట్రల్ స్టేషనులో ఆ పెట్టె పుచ్చుకుని, గుమ్మిడిపూండి బండి ఎక్కి, పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాము. ఎణ్ణూరు దాటాక లోపల గాజు చప్పుడు వినిపించింది. ఆ దేశపు ఆలివు నూనె కాబోలుననుకుని మీంజూరు, పొన్నేరి కూడా దాటి ఇల్లు చేరాము. పెట్టె విప్పితే బాదం పప్పు ఒక పొట్లం, మా అమ్మాయికి ఒక చేతిసంచి, మా అమ్మకు ఒక ఉత్తరం, అడుగున గుడ్డలో చుట్టిన సీసా.

"ఇదేమిటిరా?" అన్నది మా అమ్మ.

"ద్రాక్షరసం అమ్మా" అన్నాము, సగం నిజం చెప్పి.

ఆమె సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. "రసమైతే ఇంత గట్టి బిరడా ఎందుకు?" అన్నది. ఇక బొంకడం మాకు చేతకాలేదు.

మా అమ్మకు సారా మీద ఉన్న కోపం పుస్తకాల్లో చదివి తెచ్చుకున్నది కాదు. ఆమె పుట్టిల్లు సత్యవేడు పక్క. ఆమె తండ్రి, అంటే మా తాతగారు, మద్యనిషేధం అమలులో ఉన్న రోజుల్లోనే దొంగసారాకు మరిగి రెండున్నర ఎకరాల మాగాణి పోగొట్టుకున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడి, ఆ ఉద్యమం రాష్ట్రమంతటా పాకినప్పుడు మా అమ్మ ఇక్కడ కూర్చుని తెలుగు పత్రికల్లో ఆ వార్తలు వెతికి వెతికి చదివేది. అటువంటి మనిషికి మనవడు సీసా పంపాడు! పెరట్లో పారబోయమని ఉత్తరువు కాబోతూ ఉండగా మా ఇంటావిడ అడ్డుపడి, "ముందు ఉత్తరం చూద్దాం అత్తయ్యా, ఎందుకు పంపాడో" అన్నది.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. ఉత్తరంలో భాష తెలుగే. అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. మా అమ్మకు తెలుగు అక్షరాలు తప్ప మరొకటి రావు. మా అమ్మాయికి తమిళం, ఇంగ్లీషు చక్కగా వస్తాయి. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. కనుక ఉత్తరం మా అమ్మాయే చదివి వినిపించింది. "అమ్మమ్మా, ఇది తాగమని పంపలేదు. ఇక్కడ మేముండే చోట దీన్ని పీపాల్లో పోసి ఏళ్ళ తరబడి మాగబెడతారు. చూసినప్పుడల్లా నువ్వు గడ్డిలో మామిడికాయలు మాగబెట్టడం గుర్తుకొస్తుంది" అని రాశాడు.

మా అమ్మాయి అక్కడ ఆగి, "మాగబెట్టడమంటే ఏమిటి నానమ్మా?" అని అడిగింది.

మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఉత్తరం చదవగలిగిన పిల్లకు మాట తెలియదు. మాట తెలిసిన మనిషికి ఉత్తరం చదవడం రాదు. సీసా సంగతి మరిచిపోయి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ నెల మాగడాన్ని గురించే రాయాలని మేము ఆ రాత్రి నిశ్చయించుకున్నాము. మేనల్లుణ్ణి ఫోనులో అడిగి, నాలుగు పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న సంగతులు ఇవి.

ఆ సీసా మీది పేరు రియోహా. స్పెయిన్ ఉత్తర భాగంలో ఎబ్రో నది వెంబడి ఉన్న ద్రాక్షసీమ అది. ఉత్తరాన కాంతాబ్రియా కొండలు సముద్రపు చలిగాలిని అడ్డుకుంటాయి; దక్షిణాన దెమాందా కొండలు. నడుమ సుమారు 65 వేల హెక్టార్లు, అంటే లక్షా అరవై వేల ఎకరాల ద్రాక్ష. సీమకు పేరు ఒకటే అయినా పాలన ఒకటి కాదు. చాలా భాగం రియోహా రాష్ట్రంలోనూ, కొంత బాస్కుల ప్రాంతమైన ఆలవాలోనూ, కొంత నవార్రాలోనూ ఉన్నది. బాస్కుల భాషకు స్పానిషుతో చుట్టరికమే లేదు. అయినా సరిహద్దు రాళ్ళకు అటూ ఇటూ కాసే ద్రాక్ష ఒక్కటే. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వచ్చి, సత్యవేడు ఆంధ్రకు పోయిన సంగతి మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మా అమ్మకు అప్పుడు పదేళ్ళు. ఆ మరునాడు కూడా తమ చెరువు నీళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయని ఆమె అంటూ ఉంటుంది.

ఆ సీమ ఎర్ర ద్రాక్షలో ముఖ్యమైనది తెంప్రనిల్యో. స్పానిషులో 'తెంప్రానో' అంటే పెందలాడే అని అర్థం. తోటి ద్రాక్షలకంటే ముందుగా పండుతుంది గనుక ఆ పేరు. నలుపు తిరిగిన నీలం, మందమైన తోలు. ఇదే ద్రాక్షను దువేరో నది ఒడ్డున 'తింతో ఫీనో' అంటారు. పోర్చుగల్లో 'తింతా రోరీజ్' అంటారు. ఊరు మారితే పిలుపు మారుతుంది కాబోలు. మన కంబం లోయ పన్నీరు ద్రాక్ష పందిరి మీద పాకుతుంది. ఒకప్పుడు హైదరాబాదుకు పేరు తెచ్చిన అనాబ్-ఏ-షాహి కూడా పందిరి ద్రాక్షే. రియోహా పాత తోటల్లో పందిరి ఉండదు. పొట్టి మొద్దు, దాని నెత్తిన నాలుగు కొమ్మలు, వంగతోటలా వరుసలు. చలికాలమంతా ఎండుకట్టెలా నిద్రపోతుంది. కంబంలో లాగా ఏడాది పొడవునా కోతలుండవు. ఎండాకాలం పోయాక ఒక్కటే కోత.

పెందలాడే పండే కాయను కోసి అంత ఆలస్యంగా సీసాకెత్తడం ఏమిటని మాకు అనుమానం వచ్చింది. దానికి జవాబు పీపాలో ఉన్నది.

ద్రాక్ష లోపలి రసానికి రంగు దాదాపు ఉండదు. రంగూ వగరూ తోలులోనే ఉన్నవి. అందుకని తోలుతో సహా పులియబెడతారు. పులిసేకొద్దీ తీపి పోయి మత్తు పుడుతుంది. ఇది వింటూ మా అమ్మ, "అయితే ద్రాక్షారిష్టం చేసినట్టేనా?" అన్నది. మేము కంగుతిన్నాము. ఆయుర్వేదంలో ద్రాక్షారిష్టమూ ద్రాక్ష కషాయంలో బెల్లం, ధాతకీ పువ్వు వేసి, మూత బిగించి పులియబెట్టేదే గదా! అందులోనూ కొద్దిపాటి మద్యాంశం దానంతట అదే పుడుతుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు బాలింతకు బలమని ఆ అరిష్టాన్ని సీసాలకు సీసాలు తెప్పించినది మా అమ్మే. "మందు వేరు, మత్తు వేరు" అని ఆమె తేల్చివేసింది. మేము వాదించలేదు. ఈ రోజుల్లో మందు అంటే రెండూ అవుతాయని కూడా అనలేదు.

పులిసిన రసాన్ని వడకట్టి ఓక్ కర్ర పీపాల్లోకి మారుస్తారు. ఓక్ చెట్టును తెలుగులో సింధూర వృక్షమని అంటారు. మనవైపు కనబడేది కాదు గనుక టేకులాంటి గట్టి కర్ర అనుకుందాం. బద్దలను ఆరుబయట చాలాకాలం ఆరబెట్టి, నిప్పు సెగ మీద వంచి, ఇనుప కట్లు బిగిస్తారు. మేకుగాని జిగురుగాని ఉండదు. లోపలి వైపు సెగకు కాస్త కమిలి ఉంటుంది. ఒక్కొక్క పీపాకు 225 లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో పోస్తే పదిహేను బిందెలు. అటువంటి పీపాలు రియోహాలో పది లక్షలకు పైగా ఉన్నాయంటే నమ్మండి.

ఈ కర్ర రసాన్ని కారనివ్వదు గాని గాలిని బొత్తిగా ఆపదు. కొద్దికొద్దిగా చొరబడే ఆ గాలికి వగరు మెత్తబడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ రంగు ఇటుక ఛాయకు తిరుగుతుంది. కర్రలోని వాసన రసంలోకి దిగుతుంది. రియోహావారు పూర్వంనుంచి ఎక్కువగా వాడినది అమెరికా ఓక్. దానివల్ల వెనిలా వాసన, కొబ్బరి వాసన వస్తాయి. మన లాక్షణికులు కవిత్వానికి ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మూడు పాకాలు చెప్పారు. ద్రాక్షను నారికేళం చేసిన విద్య రియోహావారిదని మేమంటే మా ఇంటావిడ తప్ప ఎవరూ నవ్వలేదు.

మా గుమాస్తా కంటికి బాగా నచ్చినది వాళ్ళ లెక్క. పీపాలో రసం ఏటా కొంత ఆవిరైపోతుంది. ఆ వెలితి పూడుస్తూ ఉండాలి. పూడ్చకపోతే ఖాళీలో గాలి చేరి రసం పులుపెక్కి చెడుతుంది. అడుగున మడ్డి దిగుతుంది. కొన్ని నెలలకొకసారి ఒక పీపాలోంచి మరొక దానిలోకి తేర్చాలి. ఎంతకాలం ఉంచాలన్నదానికి కూడా నిబంధనలున్నాయి. మొత్తం రెండేళ్ళు, అందులో ఏడాది పీపాలో ఉంటే 'క్రియాన్సా'. మూడేళ్ళు, అందులో కనీసం ఏడాది పీపాలో, ఆరు నెలలు సీసాలో ఉంటే 'రెసేర్వా'. అయిదేళ్ళు, అందులో రెండేళ్ళు పీపాలో, రెండేళ్ళు సీసాలో ఉంటే 'గ్రాన్ రెసేర్వా'. 1926లో ఏర్పడిన నియంత్రణ మండలి ఇదంతా తనిఖీ చేసి, సీసా వెనుక అంటించడానికి నంబరు వేసిన చీటీ ఇస్తుంది. స్పెయిన్ ద్రాక్షసీమలకిచ్చే పెద్ద హోదా 1991లో మొట్టమొదట దక్కినది కూడా ఈ సీమకే. మా ఇంటికి వచ్చినది రెసేర్వా. ఇంతకూ క్రియాన్సా అన్న మాటకు స్పానిషులో పెంపకం అని అర్థమట. పిల్లల పెంపకానికీ అదే మాట.

ఈ పీపా విద్య వాళ్ళకు పుట్టుకతో వచ్చినది కాదు. 1780ల ప్రాంతంలో మాన్వెల్ కింతానో అనే మతాచార్యుడు ఫ్రాన్సులోని బోర్దోలో ఆ పద్ధతి తెలుసుకుని, తన ఊరు లబస్తీదాలో మొదలుపెట్టాడు. ఓడలో క్యూబాదాకా పంపినా సరుకు చెడలేదు. కాని అతని సరుకు కూడా తక్కినవారి ధరకే అమ్మాలని అక్కడి అధికారులు కట్టడి చేశారు. పీపాల ఖరీదు ఎవరిస్తారు? ఆగిన కాలానికి వడ్డీ ఎవరిస్తారు? ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోయింది. మళ్ళీ 1850లలో మార్కేస్ దె మురియేతా, మార్కేస్ దె రిస్కాల్ అనే పేర్లతో నేటికీ నడుస్తున్న సంస్థలు పుట్టేదాకా ఆ విద్య నిలదొక్కుకోలేదు.

తరువాత పురుగు వచ్చింది. ఫిలోక్సెరా అనేది అమెరికానుంచి ఫ్రాన్సు చేరిన పేనువంటి సన్నని పురుగు. ద్రాక్ష వేరును పట్టి తీగను చంపుతుంది. 1860లు మొదలు ఫ్రాన్సు తోటలు ఎండిపోతూ ఉంటే, బోర్దో వర్తకులు సరుకు వెతుక్కుంటూ రియోహా వచ్చారు. 1863లో తెరిచిన రైలుదారి వారికి కలిసివచ్చింది. ఆరో అనే చిన్న ఊళ్ళో స్టేషను చుట్టూ సారా మాళిగలు లేచాయి: లోపేస్ దె ఎరేదియా 1877లో, కూనే 1879లో. ఈనాటికీ ఆ చోటును స్టేషను పేట అనే అంటారు. బండి వేళను బట్టి పొయ్యి వెలిగించుకునే మా కవరైపేట్టై వాళ్ళకు ఇది బాగా అర్థమవుతుంది.

1899లో అదే పురుగు రియోహాకూ చేరింది. తోటలకు తోటలు పోయాయి. చివరికి పనికివచ్చిన ఉపాయం మన మామిడి రైతులందరికీ తెలిసిన అంటు. అమెరికా ద్రాక్ష జాతుల వేళ్ళు ఆ పురుగు కాటుకు తట్టుకుంటాయి. ఆ వేరు మీద తమ తెంప్రనిల్యో కొమ్మను అంటుకట్టారు. ఇవాళ అక్కడి తోటల్లో దాదాపు అన్నిటికీ వేరు అమెరికా జాతిదే. వేరు అమెరికాది, పీపా కర్ర అమెరికాది, పద్ధతి ఫ్రాన్సుది. కొమ్మ ఒక్కటే తమది. అయినా కాసేది ఆ కొమ్మ కాయే; సీసా మీద రాసేది ఆ సీమ పేరే.

"అయితే పీపాలో ఎంత ఎక్కువకాలం ఉంటే అంత మంచిదేనా?" అని మేనల్లుణ్ణి అడిగాము. "కాదు మామయ్యా, హద్దు దాటితే ద్రాక్ష వాసన పోయి కర్ర వాసనే మిగులుతుంది" అన్నాడు. అందుకే అక్కడ ఇప్పుడు కొందరు పీపా కాలం తగ్గిస్తున్నారు; కొందరు వాసన తగ్గిన పాత పీపాలు, ఫ్రాన్సు ఓక్ పీపాలు వాడుతున్నారు. కర్ర రుచి నిస్తుంది, నిజమే. కాని రుచి తెలిసినవాడు ముందు వెతికేది ద్రాక్షను.

ఈ మాట విన్నాక మాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కవరై అన్నది తమిళదేశంలో స్థిరపడిన తెలుగు వర్తకులకు ఇక్కడి పేరు. మా ఊరి పేరులోనే ఆ మాట వినబడుతుంది. ఎన్ని తరాలుగానో మన తెలుగు ఈ నేల మీద ఉన్నది. తమిళ వాసన దానికి పట్టింది. నెల్లూరు చుట్టాలు మా మాట విని నవ్వినా, ఆ రుచి మాకు ఇష్టమే. 2006లో వచ్చిన చట్టం వల్ల బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష రావలసిందే. మా అమ్మాయికి తమిళంలో తొంభై పైన మార్కులు వచ్చిననాడు మేము పాయసం వండించుకుని తిన్నాము. తప్పు చట్టానిది కాదు, బడిది కాదు. రాత్రి ఏడున్నరకు బండి దిగి, అలసిపోయామని చాప వాల్చిన గుమాస్తాది. పీపాలో వెలితి పడితే పూడుస్తూ ఉండాలని పైన రాశాము. మా ఇంట్లో పదిహేనేళ్ళుగా వెలితి పడుతూనే ఉన్నది; మేము పూడ్చలేదు.

ఒక్క సంగతి మాత్రం మాకు ధైర్యమిచ్చింది. ఆ రియోహాలోనే సాన్ మిల్యాన్ అనే చోట పాత మఠాలున్నాయి; 1997లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సుమారు వెయ్యేళ్ళ కిందట అక్కడ ఎవరో సన్యాసి లాటిన్ గ్రంథం చదువుతూ, అర్థంకాని చోటల్లా అంచుల్లో తన ఇంటి మాటలో అర్థం రాసుకున్నాడు. కొన్ని బాస్కు మాటలు కూడా అందులో ఉన్నవి. స్పానిషు భాష తొలి రాతల్లో వాటిని లెక్కిస్తారు. ఆఫీసులో ఇంగ్లీషు ఫైళ్ళు, తమిళ ఫైళ్ళు చూస్తూ మేమూ అంచుల్లో పెన్సిలుతో తెలుగులో గుర్తులు రాసుకుంటాము. పై అధికారి చూడకముందే చెరిపేస్తాము. ఇకమీద ఆ గుర్తులు ఒక నోటుపుస్తకంలో రాసుకుందామనుకున్నాము.

ఆ ఆదివారం మా అమ్మ మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని పాత నోటుపుస్తకం వెనుక పేజీలో అక్షరాలు దిద్దించింది. ఇప్పటికి మూడు ఆదివారాలయినవి. పిల్ల గుణింతాల దగ్గర తడబడుతున్నది. నాలుగో ఆదివారం పరీక్షలున్నాయని తప్పించుకున్నది. మేము మాత్రం రోజూ రాత్రి భోజనాలయ్యాక పది నిమిషాలు కూర్చోవాలని నియమం పెట్టుకున్నాము. రెండు రోజులు తప్పాము కూడా. పూర్తిగా నెరవేరినట్టు రాసి పాఠకులను మోసగించము.

సీసా సంగతి చెప్పి ముగిస్తాము. మద్యానికి క్షేమమైన మోతాదు అంటూ ఏదీ లేదని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఆ మాట మా అమ్మకు చదివి వినిపిస్తే, "నాకు ఎప్పుడో తెలుసు" అన్నది. కాని పారబోయలేదు. మనవడికి తానే తెలుగులో ఉత్తరం రాసింది: "నీ సీసా అటక మీద ఆవకాయ జాడీల పక్కన ఉన్నది. తెలుగు అక్షరాల్లో నాకొక ఉత్తరం రాయి, వచ్చినప్పుడు నీ సీసా నీకు ఇస్తాను."

వాడు ఫోను చేసి, "అమ్మమ్మా, అక్షరాలు మరిచిపోయాను, కొంతకాలం పడుతుంది. ఈలోగా అటక వేడికి అది చెడిపోతుంది" అని మొత్తుకున్నాడు. అతి వేడి దానికి పనికిరాదన్న మాట నిజమే. చల్లని మాళిగలో పడుకోబెట్టి ఉంచాలి. మా కవరైపేట్టై ఎండలు పాఠకులకు తెలియనివి కావు.

"చెడితే చెడనీ, నువ్వు మాత్రం తొందరగా రాయి" అన్నది మా అమ్మ.

వచ్చే నెల పాత బియ్యం గురించి తప్పక రాస్తాము.